రోజుకో లీటరు

నా ఉద్యోగం ఏమిటో నేను అద్దెకున్న ఇంటివాళ్లకు మూడు రకాలుగా చెప్పాలని సిద్ధపడ్డాను. మొదటిది, ఉన్నదున్నట్టు: కంప్యూటర్లో ఏజెంట్లు అనే ప్రోగ్రాములు కొన్ని కలిసి ఒక జట్టుగా పనిచేస్తాయి, ఆ జట్టులో ఎవరికి ఏ సమాచారం ఎప్పుడు అందాలో తేల్చే పరిశోధనలో నేనొక చిన్న ఉద్యోగిని. పిన్నిగారు మర్యాదగా తల ఊపి వంటింట్లోకి వెళ్లిపోయారు. రెండోది, విడమరిచి: ఒక ప్రోగ్రాము చదువుతుంది, ఒకటి రాస్తుంది, ఒకటి రాసినదాంట్లో తప్పులు వెతుకుతుంది, ఇంకొకటి ఎవరేం చెయ్యాలో పురమాయిస్తుంది. బాబాయిగారు మంచం మీద లేచి కూర్చున్నారు.

"అయితే షిఫ్టు మారినప్పుడు ఛార్జి ఇచ్చుకుంతాయా, లేదా?"

"అదే బాబాయిగారూ నా పని. ఎక్కడిదాకా అయిందో తర్వాతివాడికి సరిగ్గా అప్పజెప్పుకోవు."

"ఓస్, దీనికి ఇంత సదువేటి! మా షాపులో ఫోర్‌మేన్ ఒక్క తిట్టు తిడితే ఇచ్చుకునీవోళ్లు."

మూడో రకం చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవారు. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇదే షాపులో చేరారట. ఈయన ఖరగ్‌పూర్లోనే పుట్టారు. క్వార్టరు వదిలేశాక ఝపటాపూర్లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి ముందుగది నాది. మాకు ఏ చుట్టరికమూ లేదు. తెలుగు వినబడిందని గది అడిగాను, తెలుగులో అడిగానని ఇచ్చారు. వారం తిరక్కుండానే బాబాయిగారు, పిన్నిగారు అనడం అలవాటైంది.

వాళ్ల కొడుకు తండ్రి పనిచేసిన షాపులోనే పనిచేస్తాడు, ట్రాఫిక్ కాలనీలో క్వార్టరు. కూతురు ఒక బెంగాలీ అబ్బాయిని పెళ్లి చేసుకుని పూరీ గేట్ దగ్గర ఉంటుంది. ఆ పెళ్లి నాటి నుంచి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. ఒకరితో చెప్పాల్సింది ఇంకొకరు తల్లికి చెబుతారు. తల్లి అందులో కారం తీసేసి అవతలివాళ్లకు అందిస్తుంది. మధ్యలో సందేశాన్ని దిద్దే మనిషి ఉంటే జట్టుకు ఏమవుతుందో నాకు ల్యాబులో బాగా తెలుసు. ఆ ఇంట్లో మాత్రం అది నాకు సంసారం నడిపే నేర్పులాగే కనిపించింది.

నేను చేరిన కొంతకాలానికి బాబాయిగారి కిడ్నీలు పూర్తిగా పనిచెయ్యడం మానేశాయి. వారానికి రెండుసార్లు డయాలిసిస్. డాక్టరు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒకటే గట్టిగా చెప్పారు: తాగింది తాగినట్టే ఒంట్లో నిలిచిపోతుంది, మళ్లీ మిషను మీద పెట్టేదాకా బయటికి పోదు; ఎక్కువైతే కాళ్లలోకి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, అప్పుడు మనిషి ఒడ్డునే మునిగిపోతాడు. అందుకని రోజుకు ఒక లీటరు. నీళ్లే కాదు. టీ, చారు, మజ్జిగ, పుచ్చకాయ, మాత్ర మింగే గుక్క, అన్నీ కలిపి లీటరు.

చెప్పడం తేలికే. ఇక్కడి ఎర్రమట్టి వేసవిలో మధ్యాహ్నం గోడలు కూడా వేడెక్కుతాయి. ఆ రోగంలో నోరు ఊరికే ఆరిపోతుంది. ఆయన రోజంతా నాలుకతో పెదాలు తడుపుకుంటూ కిటికీ వైపు చూస్తూ ఉండేవారు. పొద్దున పిన్నిగారు, మధ్యాహ్నం కూతురు, సాయంత్రం షిఫ్టు దిగాక కొడుకు, ఇలా వంతులు వేసుకున్నారు. కూతురు వెళ్లిన తర్వాతే కొడుకు వచ్చేవాడు. ఇద్దరి మధ్యా కావాలనే కాస్త ఖాళీ ఉంచుకున్నారు.

డయాలిసిస్ ముందు బరువు చూస్తారు. రెండు మిషన్ల మధ్య పెరిగిన బరువంతా నీళ్లే. బాబాయిగారి బరువు ప్రతిసారీ పెరగాల్సినదానికి రెట్టింపు పెరిగేది. అక్కడి టెక్నీషియన్ ఒక బెంగాలీ కుర్రవాడు, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడేవాడు.

"దాదూ, ఎతో జోల్? ఇంత నీళ్లు ఎక్కడివి? చెరువులో పడుకుంటున్నారా?"

బాబాయిగారు నవ్వేవారు. ఇంట్లోవాళ్లు నవ్వలేదు. ఇంట్లో ఎవరూ లీటరు దాటనివ్వడం లేదని ముగ్గురూ నమ్మకంగా చెప్పారు. అలాగైతే ఆయనే దొంగతనంగా తాగుతూ ఉండాలి. పిన్నిగారు బాత్రూంలో కుళాయి కట్టేయించి, ఆయన వెళ్లినప్పుడు చెంబులో కొలిచి ఇవ్వడం మొదలుపెట్టారు, తలుపు బయట నిలబడి చప్పుడు వింటూ. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆమె కాపలా కాశారు. కుళాయి కట్టేసినా బరువు తగ్గలేదు.

అప్పుడు ల్యాబులో మేము సరిగ్గా ఇలాంటి చిక్కులోనే ఉన్నాం. మా ఏజెంట్లు అన్నీ అందరికీ చెప్పుకునేలా చేస్తే పని చెడింది: ఒకరి మాటలు ఒకరు చదువుకోవడంలోనే అసలు పని మరిచిపోయాయి. ఏమీ చెప్పుకోకుండా చేస్తే అప్పుడూ చెడింది: ఒకటి సరిచేసిన వాక్యాన్ని ఇంకొకటి తప్పనుకుని పాతలాగే మార్చేసింది, రెండూ పని సక్రమంగా పూర్తయిందనే చెప్పాయి. విడివిడిగా చూస్తే ఎవరి తప్పూ లేదు. కలిపి చూసే చోటే లేదు.

ఆ ఇంట్లో ముగ్గురూ, ఒకరి తర్వాత ఒకరు, ఆ వారమే తమ గుట్టు నాకు చెప్పారు. నేను బయటివాణ్ని, చదువుకున్నవాణ్ని, ముగ్గురితోనూ మాట్లాడేవాణ్ని. బహుశా అందుకే.

పిన్నిగారు గది ఊడ్చే నెపంతో వచ్చారు. "బాబూ, అరగ్లాసు పల్చటి మజ్జిగకి ఏటవుద్ది? అడిగితే లేదననేకపోతన్నాను. మా పిల్లలకి మాత్రం సెప్పకు, ఇల్లు పీకి పందిరేత్తారు."

కొడుకు పూరీ గేట్ దగ్గర టీకొట్టు ముందు దొరికిపోయాడు. డయాలిసిస్ నుంచి వస్తూ ఆటో ఆపించి తండ్రికి మట్టి కప్పులో టీ పట్టిస్తున్నాడు. నన్ను చూసి, "సుక్కే గురూ. మిషను మీంచి దిగినోడికి ఆ మాత్రం లేపోతే ఎలగ? అమ్మకి తెలిస్తే నన్ను ఉతికి ఆరేత్తాది" అన్నాడు.

కూతురి డబ్బాలో పుచ్చకాయ ముక్కలు ఉన్నాయి. "ఇది పండు కదా తమ్ముడూ, నీళ్లు కాదు కదా? మా అన్నకి తెలిస్తే 'ఆ ఇంటి నించి తెచ్చి పెట్టింది' అంతాడు. నువ్వు సూడలేదు, ఠీక్ హై?"

ముగ్గురిలో ఎవరి లెక్క వాళ్లదే చూస్తే లీటరు దాటలేదు. ముగ్గురి లెక్కల్లోనూ మిగతా ఇద్దరూ లేరు.

నేను ఎవరి రహస్యమూ ఎవరికీ చెప్పలేదు. దాని బదులు ఒక లీటరు సీసా కొన్నాను, గాజులా స్పష్టంగా కనిపించేది. ముగ్గురికీ విడివిడిగా ఒకటే నియమం చెప్పాను. పొద్దున ఈ సీసా మెడదాకా నింపాలి. ఆయనకు ఎవరు ఏది ఇచ్చినా, మజ్జిగైనా పండైనా టీ అయినా, దానికి సరిపడా నీళ్లు సీసాలోంచి తీసి బయట తులసికుండీలో పోయాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. ఎవరిచ్చారో ఎవరికీ తెలియనక్కర్లేదు, ఎంత మిగిలిందో తెలిస్తే చాలు. ల్యాబులో మేము ఏజెంట్లకు పెట్టిన ఉమ్మడి పలక కూడా ఇదే: పక్కవాడితో మాట్లాడక్కర్లేదు, పలక చూసి నడుచుకోవాలి. మాటల్లేని ఇంటికి ఇంతకన్నా తగినది లేదనుకున్నాను. సీసాను బాబాయిగారి మంచం ఎదురుగా కిటికీలో పెట్టాను.

పనిచేసింది. తర్వాతి మిషనుకు బరువు దిగింది. ఆ తర్వాత ఇంకొంచెం. "బాః, దాదూ!" అన్నాడు టెక్నీషియన్. పిన్నిగారు బాత్రూంలో కుళాయి విప్పించారు. కాళ్ల వాపు తగ్గి ఆయన వీధిలో నాలుగడుగులు వేశారు. ల్యాబులో నా పక్కన కూర్చునే తెనాలి అబ్బాయికి ఈ సంగతి చెబితే, "నీ పరిశోధన మొత్తంలో పనికొచ్చిన ఫలితం ఇదొక్కటేరా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

వానలు మొదలయ్యే ముందు బరువు మళ్లీ ఎక్కడం మొదలైంది. మెల్లగా, తర్వాత బాగా. నేను సాయంత్రాలు సీసా చూసేవాణ్ని. ఎంత మిగలాలో అంత మిగిలేది. తూకం ఒకటి చెబుతోంది, సీసా ఇంకొకటి చెబుతోంది. తూకం పాడైందేమోనని అడిగించాను. పాడవలేదు. పిన్నిగారి చెయ్యి మళ్లీ కుళాయి మీదికి వెళ్లింది. ఒక పొద్దున ఆయనకు పడుకుంటే ఊపిరి ఆడలేదు, కూర్చుంటే గొంతులో గురకలా నీళ్ల చప్పుడు. ఆసుపత్రిలో చేర్చారు.

ఆ మధ్యాహ్నం వార్డులో ఆయన దగ్గర నేనొక్కణ్నే ఉన్నాను. మిగతావాళ్లు మందులకూ భోజనాలకూ వెళ్లారు. ఆక్సిజన్ మాస్కు కిందికి లాగి ఆయన మాట్లాడారు.

"నీ సీసా మంచిదే బాబూ. ముగ్గురూ నింపుతారు."

నాకు అర్థం కాలేదు.

"నా ఎదురుగానే కదా ఎట్టినావు, నాను సూడనేటి? మీ పిన్ని మద్దినేళ సీసాలో ఇంత పోత్తాది. ఎందుకంటే సాయంత్రం మావోడొచ్చేసరికి సీసా ఖాళీగుంటే ఆడు ఒక్క గుక్క ఇవ్వడు, ఆడిది రూలు. ఆడు ఎల్లిపోయేముందు ఇంత పోత్తాడు, ఖాళీ సేసినాడని అమ్మ అంతాదని. మా గుంటేమో పుచ్చకాయ ముక్కలు పెడతాది, సీసాలోంచి తియ్యాల్సింది తీత్తాది, మళ్లీ మనసొప్పక పోసేత్తాది."

"మరి మీరు చెప్పలేదేం బాబాయిగారూ?"

"నన్నెవులు అడిగినారు?" ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నారు. "నాకు దాహం బాబూ. నీకు ఎలగ సెప్పను. నాలిక సెక్కలాగుంతాది. ఆళ్లు పోత్తంటే నాను కళ్లు మూసుకునీవోణ్ని."

మాస్కు పెట్టబోతే నా చెయ్యి పట్టుకున్నారు. "ఆళ్లకి సెప్పకు. సెప్పినావంటే ఇంక ఒక్కలూ సుక్క రాల్చరు."

ల్యాబు పలక మీద ఏ ఏజెంటు ఏమి రాసినా రాసినవాడి గుర్తు దానితోపాటే ఉంటుంది. ఆ సీసాకు గుర్తు లేదు, కావాలనే లేకుండా పెట్టాను. అది నేను ఎరిగి తీసుకున్న నిర్ణయం, ఆ ఇంటికి అప్పుడు అదే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. నేను ఊహించనిది ఒకటే. మా ఏజెంట్లు చెప్పడం మరిచిపోతాయి, ఆలస్యంగా చెబుతాయి, అనవసరమైనది చెబుతాయి. తర్వాత వచ్చేవాడు జాలి చూపడానికి వీలుగా ఉండాలని పలక మీద అంకె మార్చిన ఏజెంటును నేను చూడలేదు.

వార్డు బయట బెంచీ మీద కూర్చుని రెండు దారులు బేరీజు వేసుకున్నాను. చెప్పకపోతే ఆయన అడిగింది దక్కుతుంది, ఇంకోసారి ఇలా వస్తే బతకరు. చెబితే ఆయన మాట పోతుంది, మనిషి మిగులుతాడు. మనిషి మిగులుతాడనే నేను నమ్మాను. ముగ్గురూ వరండాలోకి రాగానే, విడివిడిగా కాకుండా, ఒక్కచోట నిలబెట్టి చెప్పాను.

కొడుకు గోడ వైపు చూస్తూ, "నానేటి పోసినాను? రెండు మూతలు. రెండు మూతలకి మనిషి పోతాడా?" అన్నాడు.

"నువ్వు రెండు మూతలు. నాను నాలుగు. అమ్మ ఎంతో అమ్మకే తెలీదు," అంది కూతురు. "కలిపి నాన్నని ముంచేసినాం."

"నువ్వు నోరు ముయ్యి!"

పిన్నిగారు చీర కొంగు నోట్లోంచి తీశారు. "ఇన్నేళ్లకి సెల్లితో మాటాడినావురా. ఆ మాటేనేటి దొరికింది?"

అతను అక్కడే చతికిలబడి ఏడ్చాడు. చెల్లెలు ముందు నిలబడే ఉంది, తర్వాత పక్కన కూర్చుంది.

ఆయన్ని ఇంటికి తెచ్చారు. మొదటిరోజే ఆయన కనిపెట్టారు. కిటికీలో సీసా సాయంత్రానికి ఖాళీ అయింది, ఖాళీగానే ఉంది. నేను గుమ్మంలో నిలబడితే నన్ను చూసి, "ఛార్జి ఇచ్చేసినావన్నమాట" అన్నారు. కోపంగా కాదు. షిఫ్టు దిగిన మనిషి అడిగినట్టు.

నా జీవితంలో నేను చూసిన జట్లలో అంత బాగా పనిచేసింది ఇంకొకటి లేదు. అన్నాచెల్లెళ్లు ఫోన్లు చేసుకునేవారు. "నాను రెండు ముక్కలు పెట్టినాను, నువ్వు టీ ఇవ్వకు." "ఇవ్వలేదు. అమ్మ చారు పోసిందేటో కనుక్కో." వంతులు మారేటప్పుడు ఇద్దరూ గుమ్మంలో నిలబడి తండ్రి ముందే చెప్పుకునేవారు, గుక్కతో సహా. ఏదీ దాచలేదు, ఏదీ రెండుసార్లు ఇవ్వలేదు. తూకం సరిగ్గా ఉండేది. టెక్నీషియన్ మళ్లీ మెచ్చుకున్నాడు.

ఆయన అడుగుతూనే ఉండేవారు. మొదట పేరు పెట్టి, ఒక్కొక్కరినీ. "అమ్మా, ఇంత." "ఒరే, ఒక్క గుక్కరా." తడిగుడ్డతో పెదాలు అద్దేవారు. ఆయన గుడ్డను పళ్లతో పట్టుకుని పీల్చేవారు, లాగితే వదిలేవారు కాదు. అది కూడా లెక్కలోకి వస్తుందా అని కొడుకు నన్నొకసారి అడిగాడు. కొంచెం వస్తుందన్నాను. తర్వాత గుడ్డను గట్టిగా పిండి అద్దడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆయన మనుషుల్ని అడగడం మానేశారు. కళ్లు మూసుకుని ఊరికే "నీళ్లు" అనేవారు, ఎవరితోనో కాదు. నా గదిలోకి వినబడేది. నేను ల్యాబుకు త్వరగా వెళ్లి, ఆలస్యంగా వచ్చేవాణ్ని.

వానాకాలం మధ్యలో ఒక పొద్దున ఆయన పోయారు. మిషనుకు వెళ్లాల్సిన రోజే. ఆటో కూడా వచ్చి నిలబడి ఉంది. గుండె ఆగిందన్నారు డాక్టరు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు ఇలా జరుగుతూ ఉంటుందని, నీళ్ల వల్ల కాదని, బరువు బాగానే ఉందని చెప్పారు. బాగా చూసుకున్నారు అని కూడా అన్నారు.

పిన్నిగారు నాతో ఆ మాట ఎత్తింది మూడో రోజున. కాఫీ గ్లాసు నా ముందు పెట్టి నిలబడ్డారు.

"లేచినకాడి నించి అడిగినారు బాబూ. మాత్ర ఏసుకునీటప్పుడు ఇత్తానన్నాను. మాత్ర తేడానికి లోపలికెల్లినాను. వచ్చేసరికి..." ఆగారు. "నువ్వు ఆ రోజు సెప్పకపోయుంటే ఆ గుక్క ఇచ్చేద్దును."

ఆమె నన్ను నిందించలేదు. గొంతులో ఆ ఛాయే లేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు, అంతే. నేను డాక్టరు మాట గుర్తు చెయ్యబోయి ఆగిపోయాను. ఆమెకు తెలియని సమాచారం నా దగ్గర ఏదీ లేదు.

పదో రోజున కంసాయి నది ఒడ్డుకు నన్నూ రమ్మన్నారు. ట్రాఫిక్ కాలనీలోని తెలుగు పురోహితుడు వచ్చారు. వాన వెలిసి, ఇసుక చల్లగా ఉంది. చనిపోయిన మనిషికి ఈ పది రోజులూ విపరీతమైన దాహం ఉంటుందని, అందుకే రోజురోజుకూ పెంచుతూ నీళ్లు వదులుతామని ఆయన మామూలు గొంతుతో చెప్పారు. ఎన్నో ఇళ్లలో చెప్పిన మాట. అది విన్నాక ముగ్గురిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

కొడుకు రాయి ముందు కూర్చున్నాడు. చెల్లెలు వెనక నిలబడి అతని దోసిట్లోకి చెంబుతో నీళ్లు పోసింది. పురోహితుడు మంత్రం చెప్పి వదలమన్నారు. అతను నువ్వులతోపాటు కాసిని వదిలి చేతులు బిగించేశాడు. దోసిట్లో సగం నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి. పురోహితుడు మళ్లీ వదలమన్నారు. ఇంకొంచెం వదిలి మళ్లీ ఆపాడు. కావాలని కాదు, చేతులకు అలా అలవాటైపోయింది.

"పొయ్యిరా," అన్నారు పిన్నిగారు ఒడ్డు మీద నుంచి. "ఇంకా పొయ్యి. ఇప్పుడు ఎవులు తూస్తారు?"

అతను దోసిలి విడిచాడు. చెల్లెలు చెంబు మళ్లీ నింపడానికి నదిలోకి దిగింది.